తప్పులేని లాంతరు

ముందుగా ఒక మాట. నా రాత మెల్లగా సాగుతుంది. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాయి. మా ఆయన పోయిన తర్వాత, యాభై దాటిన వయసులో పలక పట్టినదాన్ని. ఎక్కడైనా తప్పు కనబడితే మన్నించి, దాన్ని దాటి కథలోకి పొండి. ఇది నవలలో ఆరో అధ్యాయం. ముందటివి చదవకపోయినా ఏం నష్టం లేదు. ప్రమోద కామారెడ్డిలో ఉండే ప్రైవేటు డిటెక్టివ్ అని తెలిస్తే చాలు.

*

ప్రమోద ఎల్లారెడ్డి ప్రార్థన మందిరంలోకి అడుగుపెట్టేసరికి బల్ల మీద రెండు ఇత్తడి లాంతర్లు ఉన్నాయి. ఒకే ఎత్తు, ఒకే ఆకారం. ఒకటి ఎన్నో ఏండ్లుగా ఈ మందిరంలో వేలాడుతున్నది. పూర్వం ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ తన వంశపు లాంతరును మందిరానికి ఇచ్చి వెళ్లిందని అందరికీ తెలుసు. రెండోది పోయిన వారం హైదరాబాదులో పాత సామాన్ల వ్యాపారి దుకాణంలో పోలీసులకు దొరికింది. ఎల్లారెడ్డి మందిరపు లాంతరు ఇదేనని చెప్పి, ముఖం చూపించకుండా ఫోన్ మీదే బేరం చేసి, ఎవరో దాన్ని బస్సు పార్సిల్‌లో పంపించారట.

రెండింటిలో ఒకటే అసలుది. మందిరంలోది నకిలీ అని తేలితే, అసలుదాన్ని అమ్ముకుని నకిలీని తగిలించింది లిదియా అవుతుంది. ముప్పై ఏండ్లుగా మందిరం ఊడ్చి, దీపం పెట్టి, తాళం వేసేది ఆమే. ఆదివారం ఆరాధన అయిపోగానే మందిరం కార్యదర్శి సుందర్ లేచి, అందరి ముందూ ఆమెను దొంగ అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. ఈ సాయంత్రం లోపల ఆమెను కామారెడ్డికి తీసుకుపోవాలని ఎస్సై మల్లేష్‌కు పైనుంచి మాట వచ్చింది.

ఆమెను ప్రశ్నిస్తున్నవాడు భూపాల్. మందిరం పెద్దలు హైదరాబాదు నుంచి పిలిపించిన డిటెక్టివ్.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటది?"

"నా దగ్గర్నే సారూ."

"ఇంకెవరి దగ్గరన్న ఉన్నదా?"

"లేదు."

"ఇంకేంది మల్లేష్ గారు? ఖతం. జీపెక్కియ్యండి."

"జర ఆగుండ్రి సార్," అంది ప్రమోద. "లిదియవ్వ నన్ను పిలిపించుకున్నది. ఆమె దిక్కు మాట్లాడెటోళ్లు గూడ ఒకరుండాలె గద."

భూపాల్ ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. "ఓహో, కామారెడ్డి డిటెక్టివ్ మేడమా! తప్పిపోయిన బర్రెలను దేవులాడుతరని విన్న."

"దేవులాడిన సార్. దొరికినయ్ గూడ. బర్రెలతోని ఒక సుఖమున్నది. అవి తెల్వని సంగతి తెలిసినట్టు చెప్పవు."

మల్లేష్ దగ్గు వచ్చినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

భూపాల్ ముఖం ముడుచుకుంది. మందిరం లాంతరును బోర్లించి, అడుగు అంచు చుట్టూ చెక్కిన ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టాడు. 'ఈ లాంతరు అందరి మెట్లకు వెలుగు చూపుతుంది' అని ఆ వాక్యానికి అర్థం. పక్కనే 1742 అని సంవత్సరం. రెండో లాంతరు మీదా అదే వాక్యం, అదే సంవత్సరం. స్పెల్లింగు మాత్రం వేరు.

"చూడండి మేడం. లాంతరు స్పెల్లింగేంది? ఎల్, ఏ, ఎన్, టి, ఇ, ఆర్, ఎన్. పదో తరగతి పిల్లలకు తెలుసు. ఇక్కడేమున్నది? టి తర్వాత హెచ్, ఓ! షో అన్న మాటల ఓ ఉండాల్సిన జాగల ఇ. డస్‌ల చివరి రెండక్షరాలు పోయి టి, హెచ్ వచ్చినయ్. పబ్లిక్ చివర అక్కరలేని కె. ఏడు మాటల్ల నాలుగు తప్పులు. హైదరాబాదుల దొరికినదాంట్ల ఒక్క తప్పు లేదు. ఇంగ్లండు దొరలకు వాళ్ల భాష వాళ్లకే రాదా? ఎవడో చదువురానోడు చెక్కిన నకిలీ ఇది. మీ సుందర్ సార్ గూడ గదే చెప్పిండు. ఆయన కామారెడ్డిల ఇంగ్లీషు సెంటర్ నడిపే మనిషి."

ప్రమోద లిదియా ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అవ్వా, లాంతరు ఎప్పుడన్న మందిరం దాటి పోయిందా?"

"ఎండకాలంల కొక్కెం ఊడింది బిడ్డా. అతుకు పెట్టిస్తనని సుందర్ సార్ కామారెడ్డి కొంచవోయిండు. వారమైనంక తెచ్చి తనే తగిలిచ్చిండు."

"తెచ్చింది ఇదేనా?"

"ఇదే అని నా మనసు చెప్తది. కని అక్షరాలు చూసి చెప్పు అంటె నేనేం చెప్పుత? నాకు తెలుగు బైబిలు తప్ప ఇంకో చదువు రాదు. నా మనసు మాట ఎస్సై సార్ రాసుకుంటడా?"

మల్లేష్ తల దించుకున్నాడు. అతనికి ఈ పని ఇష్టం లేదని అందరికీ కనబడుతూనే ఉంది.

ప్రమోద లేచి లాంతర్లను ఒక్కొక్కటే కిటికీ దగ్గరకు తీసుకుపోయి చూసింది. మందిరం లాంతరు అక్షరాల అంచులు చేతికి తగలనంతగా అరిగి ఉన్నాయి. రెండోదాని అక్షరాలు వేలికి గరుకుగా తగిలాయి. తర్వాత గుండుసూది ఒకటి అగ్గిపుల్లతో వేడిచేసి, మందిరం లాంతరు పక్కపలక మూలకు ఆనించింది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. మళ్లీ వేడిచేసి రెండోదానికి ఆనించింది. ఈసారి ప్లాస్టిక్ కాలిన కంపు.

"మందిరం లాంతరుకున్నది అద్దం కాదు," అంది. "కొమ్ము. ఎద్దు కొమ్మును ఉడకబెట్టి, సాపు చేసి, వెలుగు కనబడేంత పల్చగ చెక్కిన పలక."

"అయితే ఏంది?" అన్నాడు భూపాల్. "అసలుదానికి పలకలు పగిలితే వ్యాపారి ప్లాస్టిక్ వేయించి ఉంటడు. నకిలీ చేసినోడు కొమ్ము పెట్టి ఉంటడు. కొమ్ములు కామారెడ్డి సంతల గూడ దొరుకుతయ్. పలకలు మారుతయ్ మేడం. అక్షరం మారదు."

"అక్షరమే మారుతది సార్. ఆ తప్పు స్పెల్లింగు ఒక్కపారి మళ్ల చదువుండ్రి. టి వదిలిపెట్టి, ఆ తర్వాత నుంచి."

"హెచ్, ఓ, ఆర్, ఎన్."

"కలిపితే?"

మల్లేష్ ముందుకు వంగాడు. "హార్న్! బండికుండే హారన్?"

"అదే సార్. హార్న్ అంటె మొదట కొమ్ము. మనతాన జాతరల కొమ్ము ఊదరా? వాళ్లు గూడ ఊదెటోళ్లు. ఆ మోత పేరే బండికి వచ్చింది."

తర్వాత ఆమె ఆ మాట వెనకున్న సంగతి చెప్పింది. లాంతరు అన్న మాట ఇంగ్లీషువాళ్లది కాదు. ఇంకో పాత భాష నుంచి వచ్చి చేరింది. అందులో కొమ్ము ఊసే లేదు. కానీ అద్దం ఖరీదైన ఆ కాలంలో ఇంగ్లండు జనం లాంతర్లకు కొమ్ము పలకలు బిగించుకునేవారు. రోజూ కొమ్మును చూసి, ఈ మాట కొమ్ము నుంచే పుట్టిందనుకున్నారు. అనుకున్నట్టే హార్న్ అని చేర్చి రాశారు. అట్లా వందల ఏండ్లు రాశారు. అద్దం చౌకయ్యాక లాంతరులోంచి కొమ్ము పోయింది. మెల్లగా స్పెల్లింగులోంచీ పోయింది.

ప్రమోద ఫోన్ తీసి మల్లేష్ చేతికిచ్చింది. ఏ ఇంగ్లీషు మాటను ఏ కాలంలో ఎట్లా రాసేవారో చూపించే పెద్ద నిఘంటువు అందులో తెరిచి ఉంది. "నా మాట నమ్మకుండ్రి సార్. మీరే చూడుండ్రి."

మల్లేష్ ఒక్కొక్క అక్షరం పలుకుతూ చదివాడు. హార్న్ చేరిన లాంతరు ఉంది. ఇ తో రాసిన షో ఉంది. చివర టి, హెచ్ ఉన్న డస్, తోకకు కె ఉన్న పబ్లిక్ ఉన్నాయి. నాలుగూ ఒకప్పుడు అచ్చులో తిరిగిన మాటలే.

భూపాల్ ఫోన్ లాక్కున్నంత పనిచేసి తానూ చూశాడు. ఓడిపోయే మనిషి కాదు. "ఇదే డిక్షనరీల, అదే కాలంల, మనం రాసే స్పెల్లింగు గూడ ఉన్నది మేడం! అప్పుడు రెండు తీర్ల రాసెటోళ్లు. మరి హైదరాబాదుది అసలు ఎందుకు కావద్దు?"

"మంచి ప్రశ్న అడిగిండ్రు," అంది ప్రమోద. నిజంగానే మెచ్చుకుంది. "అందుకే ఒక్క మాట పట్టుకొని చెప్తలేను. మీరేమన్నరు? ఇది చదువురానోడు చేసిన తప్పు అన్నరు. తెల్వక చేసే తప్పు ఒకటి ఇటు పడతది, ఒకటి అటు పడతది. నాలుగుకు నాలుగు తప్పులు ఒక్కటే కాలంల పోయి ఎట్ల పడతయ్ సార్? ఆ చదువురానోనికి మూడొందల ఏండ్ల కిందటి స్పెల్లింగులు కలల వచ్చినయా?"

భూపాల్ ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"మా తాత గుర్రం అని రాస్తే బండి ఱ పెట్టెటోడు," అన్నాడు మల్లేష్ ఉన్నట్టుండి. "నేను బళ్లె గట్ల రాస్తే సారు తప్పని కొట్టిండు. మా తాతకు చెప్తే, 'మీ సారుకు నా అంత వయసు లేదురా' అన్నడు."

"అదే కథ సార్. ఎవరో ఈ లాంతరు మీది రాత చూసిండు. అయ్యో, అన్నీ తప్పులే అనుకున్నడు. నకిలీ చేయించెటప్పుడు తప్పులు దిద్ది చెక్కించిండు. తప్పులున్నదే అసలు. తప్పులేనిదే నకిలీ."

లిదియా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "అంటె బిడ్డా... మన లాంతరు మనతాన్నే ఉన్నదా?"

"ఇక్కడ్నే ఉన్నది అవ్వా. అతుకు పెట్టిచ్చుకొని ఇంటికే వచ్చింది. మందిరంల దొంగతనమే కాలే."

లిదియా గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తున్నదేమోనని మల్లేష్ కంగారుపడ్డాడు. ఆమె నవ్వుతున్నది. "కానిదానికి నేను నాలుగు దినాల సంది అన్నం తినకపోతి!" అంది.

"సంతోషం," అన్నాడు భూపాల్ పుల్లవిరుపుగా. "మరి నకిలీ ఎవరు చేసిండ్రో గూడ స్పెల్లింగే చెప్తదా?"

"చెప్తదేమో చూద్దాం." ప్రమోద రెండో లాంతరు అంచు మీద గోటిని మెల్లగా జరిపింది. వాక్యం చివర గోరు ఒక చిన్న గుంటలో దిగింది. మందిరం లాంతరు మీద అదే చోట తడిమింది. నున్నగా ఉంది. "దీని మీద ఒక చుక్క ఎక్కువున్నది. ఫుల్‌స్టాప్. ఇత్తడి మీద ఉలి పెట్టి ఫుల్‌స్టాప్ కొట్టించేంత పట్టింపు ఎవరికుంటది? మల్లేష్ సార్, జీపు ఎట్లాగూ కామారెడ్డికే గద. అవ్వను తీసుకపోదాం. ముద్దాయి లెక్క గాదు, సాక్షి లెక్క."

*

కామారెడ్డిలో బిందెల మీద, బోళ్ల మీద పేర్లు కొట్టే బాలమల్లు దుకాణం ప్రమోదకు తెలుసు. ఇత్తడి మీద ఇంత సన్నగా అక్షరం తీసే చేయి ఆ పట్నంలో ఇంకోటి లేదు. అతను నకిలీ లాంతరును చూడగానే గుర్తుపట్టాడు.

"నా పనే అక్కా. లాంతరు ఇంకెక్కడ్నో చేయించుకచ్చిండు. అక్షరాలే నేను కొట్టిన. సారు సున్నపుకడ్డీతోని ఇత్తడి మీదనే రాసిచ్చిండు. నాకు ఇంగ్లీషు సమజ్ కాదు. గీత ఎట్లుంటె గట్ల కొడ్త."

"ఎవరా సారు?" అడిగాడు మల్లేష్.

"పేరు తెల్వదు. హెల్మెట్ తియ్యలే, ముక్కుకు గుడ్డ. పిల్లల నాటకానికన్నడు. మంచిగనే కొంచవోయిండు, మళ్ల తెల్లారి వాపస్ వచ్చిండు. చివర చుక్క కొట్టలేదని లొల్లి! 'చుక్క లేకుంటె వాక్యం పూర్తి కాదు, అర మార్కు పోతది' అన్నడు. ఇత్తడికి మార్కులేంది సారూ అని నేను నవ్విన. ఆయన నవ్వలే."

మల్లేష్ ముఖం మారింది. "అర మార్కు పోతది అన్నడా? అదే మాటనా?"

"అదే మాట."

"మా బిడ్డ దినాం ఇంట్ల గదే మాట అంటది," అన్నాడు మల్లేష్ నెమ్మదిగా. "సుందర్ సార్ సెంటర్ల చదువుతది."

జీపులో వెంట వచ్చిన భూపాల్ తలెత్తాడు. ఆదివారం నుంచి తనకు దారి చూపించిన మనిషి పేరు అది. "మాట ఒక్కటి సాలదు మేడం," అన్నాడు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. "అట్లా మాట్లాడే సార్లు వందమంది ఉంటరు."

"సాలదు సార్. అందుకే బాలమల్లన్న గూడ మనతోని వస్తడు."

*

సుందర్ ఇంగ్లీషు సెంటర్‌లో క్లాసు నడుస్తున్నది. బెంచీల నిండా కాలేజీ పిల్లలు, గల్ఫ్‌కు పోవటానికి ఇంగ్లీషు నేర్చుకుంటున్న మగవాళ్లు. గుమ్మంలో ఖాకీ బట్టలను చూసి సుందర్ చిరునవ్వుతో ఎదురొచ్చాడు. ఆ వెనక లిదియాను చూసి నవ్వు ఆపాడు.

"అరెస్టు చేసిండ్రా? ఇక్కడికెందుకు తెచ్చిండ్రు?"

"ఒక చిన్న అనుమానం సార్," అంది ప్రమోద. "మీరే తీర్చాలె. బోర్డు మీద ఒక వాక్యం రాయనిస్తరా?"

అతను వద్దనేలోపలే ఆమె సుద్దముక్క తీసుకుంది. మందిరం లాంతరు మీద ఉన్నది ఉన్నట్టు, పాత స్పెల్లింగులతో, చివర చుక్క లేకుండా రాసింది. తర్వాత పిల్లల వైపు తిరిగింది.

"మీ సార్ దగ్గర నేర్చుకున్నరు గద. దీన్ని దిద్దుండ్రి చూద్దాం."

"వద్దు!" అన్నాడు సుందర్.

అప్పటికే బెంచీలన్నీ లేచాయి. "లాంతరు తప్పు మేడం! హెచ్, ఓ కాదు, ఇ!" "డస్ రావాలె!" "షోకు ఇ ఏంది?" "పబ్లిక్‌కు కె కొట్టేయాలె!" ఒక్కో అరుపుకు ప్రమోద ఒక్కో మాట దిద్దింది. ఆఖరున క్లాసు మొత్తం ఒక్క గొంతుతో, ఎన్నో సార్లు అలవాటైన పాటలాగా అరిచింది: "ఫుల్‌స్టాప్ లేదు! అర మార్కు కట్!"

ప్రమోద చుక్క పెట్టింది. భూపాల్ ముందుకొచ్చి, నకిలీ లాంతరును బోర్లించి బోర్డు పక్కన పట్టుకున్నాడు. బోర్డు మీదిదీ, ఇత్తడి మీదిదీ అక్షరం తేడా లేదు. చుక్కతో సహా.

"వీళ్లందరూ ఇట్లనే రాస్తరు," అన్నాడు సుందర్. గొంతు పెంచాడు. "ఇంగ్లీషు వచ్చిన ప్రతి ఒక్కడు ఇట్లనే రాస్తడు! చుక్క పెట్టుడు నేరమా? వాక్యం పూర్తి కావద్దా?"

గుమ్మం దగ్గర బాలమల్లు ఉలిక్కిపడ్డాడు. "అగో, గీ గొంతే సార్! గిట్లనే లొల్లి పెట్టిండు. ముఖం చూడలే, కని గీ గొంతు నేను మర్వ."

సుందర్ బల్ల అంచు పట్టుకున్నాడు. భూపాల్ ఒక్కొక్క మాటే నొక్కి అడిగాడు. "తప్పులు నీకు కనబడ్డయ్, సరే. ఉన్నదున్నట్టు చెక్కించి ఉంటే నిన్నెవరూ పట్టుకోకపోదురు. దిద్దినవెందుకు?"

"తప్పులున్న సామాను ఎవడు కొంటడు?" అనేశాడు సుందర్. అన్నాక తన మాట తనకే వినబడింది. కుర్చీలో కూలబడ్డాడు.

మిగతాది తానే చెప్పుకున్నాడు. కొక్కెం అతుకుకని తెచ్చిన వారంలో కొలతలు తీసుకుని నకిలీ చేయించాడు. అసలుదాన్ని తిరిగి తగిలించి, నకిలీని అసలుదని వ్యాపారికి అంటగట్టాడు. వ్యాపారి పోలీసులకు దొరికేసరికి భయపడ్డాడు. తన దాకా రాకముందే ఎవరో ఒకరిని దొంగను చేయాలనుకున్నాడు. ఎదురు చెప్పలేని మనిషి లిదియా కనబడింది.

"అవ్వా," అన్నాడు భూపాల్. అంత పెద్ద గొంతు సన్నబడింది. "నేను తప్పు చదివిన. మన్నించు."

"నువ్వు అక్షరాలు తప్పు చదివినవ్ బిడ్డా. ఆయన నన్నే తప్పని కొట్టేసిండు," అంది లిదియా.

మల్లేష్ సుందర్ భుజం మీద చేయి వేశాడు. లిదియా ఆ చేతికి అడ్డం వచ్చింది.

"జర ఆగు సారూ. సుందర్ సార్, ఆదివారం నలుగురి ముందట నా పేరు చెప్పినవ్. ఇప్పుడు గీ నలుగురి ముందట ఎవరి పేరు చెప్పాలెనో చెప్పి పో."

సుందర్ పిల్లలను చూడలేక బోర్డు వైపు తిరిగి, గొణుగుతూ ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"తెలుగుల చెప్పు," అంది లిదియా. "నాకు ఇంగ్లీషు రాదు."

అతను ఇటు తిరిగాడు.

"లిదియా దొంగ కాదు. దొంగను నేను."

"గట్టిగ," అంది లిదియా. "వెనుక బెంచీకి వినబడలే."

అతను మళ్లీ చెప్పాడు. ఈసారి బయట రోడ్డు మీద నడిచేవాళ్లు కూడా ఆగి చూశారు.

*

రాసినది: చిట్యాల నర్సవ్వ, వయసు అరవై ఏడు. సొంతూరు లింగంపేట. ఇప్పుడు ఉండేది ఎల్లారెడ్డిలో, చిన్న బిడ్డ ఇంటి పక్కన.